తక్కెడలో పాసంగం

పోయిన వారం గని ఇంజనీరు శేషగిరిరావు గారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. కొత్తగా వేస్తున్న గొట్టం పని మీదికి ఇద్దరు కాలేజీ అమ్మాయిలను తీసుకుంటున్నారట. "నువ్వు చేసిన పనే వాళ్ళూ చేయాలి. పుస్తకాల్లో ఉన్నది నేను చెబుతాను. పుస్తకాల్లో లేనిది నువ్వు రాసి పంపు" అని రాశారు.

ఉద్యోగం నుంచి విరమించినవాళ్ళు రాయాల్సిన రాత ఇది. నాకు ఇరవై ఆరేళ్ళకే విరమణ అయిపోయింది. నాలుగేళ్ళు చేశాను. కడుపుతో ఉన్నప్పుడు కొండ ఎక్కలేక మానుకున్నాను. ఇప్పుడు పాపకు ఎనిమిది నెలలు. అది నిద్రపోయాక రాస్తున్నాను కాబట్టి, ఎక్కడైనా మాట తెగినట్టుంటే పాప దగ్గిందని అనుకోండి.

పని ఏమిటంటే

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే, గొట్టంలో రాయిని పారిస్తామని చెప్పేదాన్ని. మా నాయనమ్మ నమ్మేది కాదు. "రాయి యాడన్నా పారుతుందా? పారేదైతే మన చేన్లో రాళ్ళన్నీ ఈపాటికి పెన్నలో పడుండవా?" అనేది.

కడపకు పడమటి కొండల్లో ఇనుప రాయి తవ్వే గని అది. ఎర్రటి రాయి. చిన్న ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నా చేయి కిందికి దిగుతుంది. దాన్ని ఎద్దుల బండ్ల మీద రైలుకట్ట దగ్గరికి దింపేవాళ్ళు. వాన వస్తే కొండబాట కొట్టుకుపోయేది, నెల రోజులు బండ్లు ఆగేవి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో గని యజమాని అక్కడికి ఏదో పని మీద పోయి, యుద్ధంనాటి సామాను వేలం వేస్తుంటే నాలుగంగుళాల ఇనుప గొట్టాలు కొనుక్కొచ్చాడు. ఎందుకు కొన్నాడో ఆయనకే తెలియదు. ఇంజనీరు శేషగిరిరావు గారు వాటిని చూసి, రాయిని పొడి చేసి నీళ్ళలో కలిపి ఇందులో కిందికి పంపవచ్చన్నారు.

కొండ మీది తొట్ల నుంచి రైలుకట్ట పక్కన ఉన్న ఆరబెట్టే కళ్ళాల దాకా గొట్టం పొడుగు మూడు మైళ్ళకు కాస్త తక్కువ. కొండ ఎత్తే పొడి నీళ్ళను తోస్తుంది, పంపులు అక్కర లేదు. మధ్యలో ఒకచోట గొట్టం వంకలోకి, అంటే వాగు పల్లంలోకి, దిగి, మళ్ళీ అవతలి గట్టు ఎక్కుతుంది. మా కష్టాలన్నీ ఆ వంకలోనే.

రాతిపొడి నీళ్ళలో కరగదు. నీళ్ళు జోరుగా పోతున్నంతసేపు వాటితో పాటు పోతుంది. జోరు తగ్గితే అడుక్కు దిగుతుంది. ఒకసారి దిగి గట్టిపడితే గొట్టం కోసి తీయాల్సిందే. అందుకే పొడి పంపిన ప్రతిసారీ దాని వెనక ఒక గంట సేపు ఉత్త నీళ్ళు పంపి గొట్టం కడిగి ఆపాలి. సీమలో ఒక గంట నీళ్ళంటే ఎంతో మీకు చెప్పక్కరలేదు. ఆ కడుగు నీళ్ళు చూసినప్పుడల్లా యజమాని మొహం మాడ్చుకునేవాడు. ఆయన మాట విని కడుగు తగ్గించకండి. ఆయన ఎదురుగా నిలబడి ఉన్నా సరే.

మరీ పలచగా కలిపితే రాయి బదులు నీళ్ళు మోస్తున్నట్టు. మరీ చిక్కగా కలిపితే వంకలో దిగిపోతుంది. ఈ రెంటికీ మధ్య సరైన చిక్కదనం చూడడమే నా ఉద్యోగం. గనిలో నన్ను అందరూ టెస్టమ్మ అనేవాళ్ళు.

ఇంజనీరు గారి గురించి

శేషగిరిరావు గారు కృష్ణా జిల్లా మనిషి. లెక్కలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు. మాఘమాసంలో గొట్టం వేయించి, దాని కొలత చూసుకుని సంతోషించారు. మే నెల ఎండకు ఖాళీ గొట్టం కాగి పొడుగై, ఆనించిన రాళ్ళ మీంచి లేచి పక్కకు పొర్లింది. మూడు చోట్ల అతుకులు విడిపోయాయి. ఆయన మాఘమాసపు చలి లెక్క వేశారు గానీ కడప ఎండ లెక్క వేయలేదు. ఆ మాట ఆయనే పని పుస్తకంలో "నా పొరపాటు" అని రాసి సంతకం చేశారు.

ఆయనలో లోపం ఒకటుంది. కాగితం మీద ఉన్నదాన్ని మనిషి మాట కంటే ఎక్కువ నమ్ముతారు. ఈ ఉత్తరం ఆయన చదివే మీకిస్తారని తెలిసే రాస్తున్నాను.

డబ్బా

గాలన్ పట్టే రేకు డబ్బా ఒకటి మీకిస్తారు. దాని నిండా ఉత్త నీళ్ళు పోసి తూస్తే, డబ్బా బరువు పోను, పది పౌన్లు ఉంటుంది. రాతిపొడి కలిపిన నీళ్ళు పదమూడు ఉండాలి. పన్నెండున్నర అయితే పలచన. పదమూడున్నర అయితే చిక్కన, ఇంకా నీళ్ళు పోయించాలి.

డబ్బాను తొట్టి పైపైన ముంచకండి. పైన ఎప్పుడూ పలచగానే ఉంటుంది. తెడ్లతో కలుపుతుండగానే మోచేతి దాకా దించి అడుగు నుంచి తీయండి. చీర పాడవుతుంది. నా తెల్ల చీరలు రెండు ఎర్రబారిపోయి ఇప్పుడు పాపకు పక్కబట్టలయ్యాయి.

ఖాసీంసాబు చెవి

గొట్టం పొడుగునా నడుస్తూ కనిపెట్టుకుని ఉండే మనిషి ఖాసీంసాబు. యాభై దాటినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. వంక గట్టున గని వాళ్ళిచ్చిన గుడిసెలో ఉండేవాడు. పొడి పోతున్నప్పుడు మోకాళ్ళ మీద వంగి గొట్టానికి చెవి ఆనించి వినేవాడు. సాయంత్రం కొండెక్కి వచ్చి నాకు చెప్పిపోయేవాడు.

"ఈ పొద్దు బాగా పోయిందమ్మా. వడగళ్ళు పడినట్టు గలగలమనింది."

"బాగాలేకపోతే ఎట్లుంటుంది సాబూ?"

"పలకదు. గొంతులో అన్నం ముద్ద అడ్డం పడినోడు పలుకుతాడా?"

నేను నవ్వేదాన్ని. నాకు తక్కెడ ఉంది కదా, చెవితో ఏం పని అనుకునేదాన్ని. రెండేళ్ళు నా తక్కెడ, అతని చెవి ఒకే మాట చెప్పాయి. అందువల్ల రెండిట్లో ఏది గొప్పదో తేల్చాల్సిన అవసరం రాలేదు.

నేను పెట్టిన రాయి

మూడో ఏడు వేరుశెనగ కోతలయ్యాక తొట్లలోకి పొడి మోసే కూలీలు మారారు. అంతకు ముందు రాతిపని వాళ్ళు మోసేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు పక్క పల్లె రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు. ఓబులమ్మ వాళ్ళకు పెద్ద. తొట్టి అంచున నిలబడి గంపలు లెక్కపెట్టేది. తొట్టికి నూరు గంపలు.

వాళ్ళు వచ్చిన మొదటి రోజే నా డబ్బా పదమూడున్నర తూగింది. నూరు గంపలూ సరిగ్గా పడ్డాయని ఓబులమ్మ చెప్పింది, తొట్టిలో నీళ్ళు కూడా గుర్తు గీత దాకానే ఉన్నాయి. మరి ఎక్కువ ఎట్లా తూగుతుంది? తడి చేయి తగిలి తక్కెడ వాలిందేమో అనుకుని తూకాల పుస్తకంలో పదమూడు అని రాశాను. ఆ సాయంత్రం ఖాసీంసాబు వచ్చాడు.

"బరువుగా పోతాండాదమ్మా."

"నీ చెవిలో గుబిలి ఉందేమో చూసుకో సాబూ" అని నవ్వాను.

రెండోసారీ పదమూడున్నరే. నిజం చెప్పాలంటే అప్పుడు నేను చేయాల్సింది నీళ్ళ డబ్బా తూచడం. పది తూగితే తక్కెడ మంచిదని ఆ నిమిషంలోనే తెలిసేది. కానీ ఆ రోజు యజమాని పక్కనే ఉన్నాడు. చిక్కగా ఉందంటే తొట్లన్నీ పలచన చేయాలి, గంట ఆలస్యం, ఇంకా నీళ్ళు. నూరు గంపలకు పదమూడే రావాలని శేషగిరిరావు గారి లెక్క చెబుతోంది. ఆయన లెక్క తప్పదు, గంపల లెక్క తప్పలేదు, కాబట్టి తక్కెడే అరిగింది అనుకున్నాను. అంగళ్ళలో తక్కెడ ఒక పక్కకు వాలితే రెండో పక్క పాసంగం పెట్టి సమం చేస్తారు కదా. అట్లాగే నేనూ అర పౌను రాయిముక్క ఒకటి తూకపు రాళ్ళ పక్క పెట్టి, సన్నటి తీగతో కట్టేశాను. తక్కెడ బుద్ధిగా పదమూడు చూపించింది.

ఖాళీ తక్కెడ ఎట్లా ఉందో కూడా చూడలేదు. బీఎస్సీ చదివినదాన్ని.

రాయి కట్టిన నాటి నుంచి ఆరు వారాల పాటు వారానికి మూడుసార్లు పొడి పంపాము. పొడి పంపిన ప్రతి సాయంత్రం ఖాసీంసాబు వచ్చి "బరువుగా పోతాండాది" అనేవాడు. ప్రతిసారీ పుస్తకం తీసి పదమూడు చూపించేదాన్ని. అతనికి చదువు రాదు. అయినా చూపించేదాన్ని.

వంకలో

నాలుగో వారం చివర గొట్టం వంకలో పూడిపోయింది. ఆరో వారం చివర మళ్ళీ పూడింది. పూడిన గొట్టం ఎట్లుంటుందో మీరూ ఒకనాటికి చూస్తారు. ఎండలో ఆరుగురు మనుషులు అతుకులు విప్పి, ఇనుప కడ్డీలతో లోపల పొడుస్తారు. లోపలిది పొడిలా ఉండదు, మళ్ళీ రాయిలా ఉంటుంది. ఒక్కొక్క గొట్టానికి ఒక పూట.

రెండోసారి శేషగిరిరావు గారు స్వయంగా వంకలోకి దిగారు. అక్కడ గొట్టం అడుగున ఒక వాల్వు ఉంది. దాని చుట్టూ మట్టిలో కడవలు ఆనించిన గుంతలు, ఆడవాళ్ళ అడుగులు కనబడ్డాయి.

"ఖాసీం, ఈ వాల్వు ఎవరు తిప్పుతున్నారు?"

"నేనే సార్. పల్లె ఆడోళ్ళు రెండు కడవలు పట్టుకుంటారు."

"కడుగు నీళ్ళు ఇక్కడే వదిలేస్తే అవతలి గట్టు ఏమెక్కుతాయి? పొడి దిగిపోక ఏమవుతుంది?"

"కడిగేటప్పుడు కాదు సార్. కడుగు అయిపోయినాక, గొట్టంలో నిలబడిన నీళ్ళు. ఊరికే ఉండేటివే కదా."

"అది నేనెట్లా నమ్మాలి?"

"నమ్మకపోతే నేనేం చేసేది సార్, నీళ్ళు సాక్ష్యం చెప్పవు కదా" అన్నాడు ఖాసీంసాబు. పక్కన కూలీలు నవ్వారు. ఆ నవ్వు అతనికి కీడే చేసింది.

సోమవారం నాటికి అతన్ని తీసేస్తూ కాగితం ఇస్తారని తెలిసింది. ఉద్యోగంతో పాటు గుడిసె కూడా పోతుంది. బద్వేలు దగ్గర ఒక చెల్లెలు ఉంది, ఆ ఇంట్లో అప్పటికే తొమ్మిది మంది. ఆ వయసులో కొత్తగా కూలికి పిలిచేవాళ్ళెవరు?

ఓబులమ్మ లెక్క

గొట్టం బాగయ్యాక శనివారం తొట్లు నింపుతున్నారు. నాకు మనసు కుదురుగా లేదు. గంపలు నేనే లెక్కపెడదామని తొట్టి అంచున కూర్చున్నాను. ఓబులమ్మ పది అంది. తర్వాత ఒక గంప పడింది, ఆమె నోరు మెదపలేదు. మళ్ళీ పదకొండు అంది. ఇరవై అయ్యాక మళ్ళీ ఒక గంప ఊరికే పడింది.

"ఓబులమ్మా, ఆ గంప ఎందుకు లెక్కపెట్టలేదు?"

"ఏ గంప?"

"పది తర్వాత వేసింది."

"అది కొసరు కదమ్మా." నాకేమైనా అయిందా అన్నట్టు చూసింది. "కళ్ళంలో పదికొకటి కొసరు ఎయ్యకుండా కొలుస్తారా యాడన్నా? అది లెక్కలోకి రాదు."

"ఇవి గింజలు కాదు, రాళ్ళు."

"అమ్మేదే కదా. కొలత మొండిగా ఉంటే కొన్నోనికి అచ్చి రాదు, అమ్మినోనికీ అచ్చి రాదు." వెనక మోస్తున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, "టెస్టమ్మ కొసరడక్కుండా కూరగాయలు తెచ్చుకుంటాది మా" అంది. అందరూ నవ్వారు.

పైగా గంపలు గోపురంలా నింపుతున్నారు. రాతిపని వాళ్ళు అంచుకు సమంగా నింపేవాళ్ళు. ఓబులమ్మ తప్పేమీ చేయలేదు. ఆమెకు తెలిసిన మంచి కొలత కొలిచింది. గంప అంటే ఎంతో, లెక్క అంటే ఏదో మేమెవ్వరం ఆమెకు చెప్పలేదు. మీరు కొత్త కూలీలు వచ్చిన రోజే చెప్పండి. చెప్పి, కూర్చుని చూడండి.

పుస్తకం చెప్పిన సాక్ష్యం

శేషగిరిరావు గారి గదికి పరుగెత్తాను. కొసరు సంగతి చెప్పాను. పాసంగం సంగతి చెప్పలేదు. కొసరు ఒక్కటి చాలు, ఖాసీంసాబు బయటపడతాడు, నా పని నాకుంటుంది అనుకున్నాను.

ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఆరు వారాల నుంచీ వేస్తున్నారా?"

"అవును సార్."

"అయితే డబ్బాలో కనబడాలి కదమ్మా." నా పుస్తకం తెరిచి వేలితో కిందికి దిగారు. "పదమూడు. పదమూడు. పదమూడు. ఒక్కచోట కూడా పదమూడున్నర లేదు. కొసరు పడితే పడి ఉంటుంది, ఇంకెక్కడో తగ్గి సరిపోయి ఉంటుంది. చిక్కదనం మారలేదని నీ పుస్తకమే చెబుతోంది. చిక్కదనం మారకుండా పూడిందంటే, కడుగు నీళ్ళు పోయాయనే కదా అర్థం?"

ఆయన పుస్తకం మూశారు.

"నిజానికి అతని మీద నాకు అంత గట్టి అనుమానం లేదు. ఇంత శుభ్రంగా రాసిన పుస్తకం ఉంది కాబట్టే ధైర్యంగా కాగితం రాశాను" అన్నారు. ఆ కాగితం బల్ల మీదే ఉంది.

నన్ను ఈ ఉద్యోగానికి పంపినందుకు మా నాన్న చుట్టాలందరితో మాటలు పడ్డాడు. తీసేస్తే ఏ మొహంతో కడపకు పోవాలి? ఆడపిల్లను పెట్టుకుంటే ఇట్లాగే ఉంటుందని యజమాని అంటాడు, ఇంకెవ్వరినీ తీసుకోరు. ఇవన్నీ ఆలోచించాను. ఆలోచించినంతసేపూ ఆ కాగితం వైపే చూస్తున్నాను.

తక్కెడ ఉన్న పాకలోకి పోయి, తక్కెడను అట్లాగే మోసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. తీగతో కట్టిన రాయి చూపించాను.

"ఇదేమిటి?"

"పాసంగం సార్. నేను పెట్టింది."

ఆయన కూజాలోంచి డబ్బాలోకి నీళ్ళు పోసి తూచారు. తొమ్మిదిన్నర. రెండోసారి తూచారు. "గాలన్ నీళ్ళు తొమ్మిదిన్నర తూగే చోటు భూమ్మీద లేదమ్మా" అన్నారు. గొంతు పెంచలేదు. తీగ విప్పమన్నారు. ముడి బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది, ఆయన సాయం చేయలేదు. కాగితం చించేసి, "పుస్తకంలో తప్పులన్నీ కొట్టేసి పక్కన సంతకం పెట్టు. ఖాసీంకు నువ్వే పోయి చెప్పు. నేను చెబితే నీకు తేలికైపోతుంది" అన్నారు.

నన్ను తీసేయలేదు. ఎందుకు తీసేయలేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వంకలో వాల్వుకు మాత్రం తాళం పడింది. నీళ్ళ సంగతి చెవిన పడ్డాక యజమాని ఒప్పుకోలేదు. ఆ పల్లె ఆడవాళ్ళు మళ్ళీ మైలున్నర నడిచి బావికి పోవాల్సి వచ్చింది. దారిలో కనిపిస్తే నాతో మాట్లాడేవాళ్ళు కాదు. ఆ తాళం నేను పని మానేనాటికీ ఉంది. దాన్ని తీయించలేకపోయాను. మీరు అడిగి చూడండి.

గుడిసె ముందు

ఖాసీంసాబు గుడిసె ముందు గోనెసంచులు సర్దుకుంటున్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని పోయాను. కొసరు గంపలు, పాసంగం, కాగితం చించేయడం దాకా మొత్తం చెప్పాను. అయ్యాక అతను సంచి మూతి విప్పి, అందులోంచి చెంబు తీసి బయట పెట్టాడు.

"ఆ పుస్తకం ఏం చేస్తావు?"

"తప్పులన్నీ కొట్టేయమన్నారు."

"ఈడ కూర్చోని కొట్టేయి. నేను చూస్తా."

గుడిసె ముందర బండ మీద కూర్చుని పెన్ను తీశాను. ఒక్కొక్క గీత కొడుతుంటే అతను వంగి చూస్తూ పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నేను పక్కన సంతకం పెట్టేదాకా ఆగి, తర్వాతి అంకె అనేవాడు. పద్దెనిమిది అన్నాక నేను పెన్ను మూత పెట్టాను.

"ఇంకోటి ఉండాదమ్మా."

"లేదు సాబూ. రాయి కట్టి తూచినవి పద్దెనిమిదే."

"నీ రాయి సంగతి నాకు తెల్దు. బరువుగా పోతాండాదని నేను పంతొమ్మిది సార్లు చెప్పినా. మొట్టమొదటి సారి నువ్వు నవ్వినావు."

పేజీ వెనక్కి తిప్పాను. చేయి తడి అనుకుని పదమూడు రాసిన లైను అక్కడే ఉంది. రాయి కట్టక ముందుది. తక్కెడ మంచిదే, నేను రాసిందే అబద్ధం. దాన్నీ కొట్టేసి సంతకం పెట్టాను.

"పంతొమ్మిది" అన్నాడు ఖాసీంసాబు. సిరా ఆరేదాకా చూసి, సంచిలో మిగిలిన సామాను కూడా తీసి లోపల పెట్టుకోవడానికి లేచాడు.